మన జిల్లా ఆచార్యుడు మామిడిపూడి వెంకటరంగయ్య గారు



ఈ ప్రత్యేక సంచికకు మన జిల్లా పెద్దలలో ఒకరి జీవితం వ్రాయవలసిందని సంపాదక మిత్రులు నాకు పురమాయించారు. పొట్టి శ్రీరాములు గారిని గురించి, పొణకా కనకమ్మ గారిని గురించి వ్రాసేవారు ఎందరో ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. పంచాయతీ నుండి సమితికి, సమితి నుండి జిల్లా పరిషత్తుకు, అక్కడి నుండి సెక్రటేరియట్‌కు కాగితం ఎట్లా పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో తప్ప నాకు పెద్దగా తెలిసిన శాస్త్రం లేదు. ఆ కాగితం నడకనే తన జీవితకాలపు చదువుగా పెట్టుకొన్న మహనీయుడొకరు మన సముద్రపు ఒడ్డు పల్లెలోనే పుట్టారు. ఆయనే ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్య గారు. ఆయన పేరు చెబితే ఈనాటి మన పిల్లలలో చాలామంది ఎవరాయన అని అడుగుతారు. అందుకే ఆయనను ఎంచుకొన్నాను.

వెంకటరంగయ్య గారు 1889 జనవరి 8న నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో జన్మించారు. అల్లూరు దగ్గరి ఊరు. పడమటి తట్టు పెన్న నీటితో పండే వరి మళ్ళు, తూర్పు తట్టు ఉప్పు కొటార్లు, ఆ మధ్యన బకింగ్‌హాం కాలువ, దానికి ఆవల సముద్రం. ఆ రోజులలో మద్రాసుకు సరుకు రవాణా చాలా భాగం ఆ కాలువలో పడవల మీదనే సాగేది. మన తీరపు భూగోళం సభ్యులకు నేను చెప్పనక్కరలేదు గాని, ఒక్క సంగతి మాత్రం గమనించ మనవి. ఆ కాలంలో అటువంటి ఊళ్ళో ఉన్న రైతు ఒకే రోజున మూడు సర్కార్లకు పన్ను కట్టేవాడు. వాడు అన్నంలో వేసుకొన్న ఉప్పు మీది పన్ను భారత ప్రభుత్వానికి పోయేది. పొలానికి కట్టిన శిస్తును రాజధాని ప్రభుత్వం వసూలు చేసేది. ఆ శిస్తు మీద రూపాయికి ఇంత అని కట్టే సెస్సు లోకల్ బోర్డుకు చేరేది. శిస్తును, సెస్సును వసూలు చేసే మునసబు ఒకడే. డబ్బు మాత్రం మూడు ఖజానాలకు చీలిపోయేది. ఈ చీలిక ఎట్లా వచ్చింది, ఎవరి వాటా ఎవరు నిర్ణయించారు, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నల చుట్టూనే ఆయన పుస్తకాలు చాలావరకు తిరుగుతాయి.

మద్రాసులో పై చదువులు ముగించుకొని ఆయన అధ్యాపక వృత్తిలోకి వచ్చారు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో పనిచేశారు. ఆనాడు అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్నవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. తరువాత విజయనగరం మహారాజా కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. అప్పట్లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అని ఇప్పటిలాగా వేరు వేరు గోడలు ఉండేవి కావు. ఒకే అధ్యాపకుడు మూడూ చెప్పవలసి వచ్చేది. అది ఆయనకు మేలే చేసింది. చరిత్రకారుడి ఓపిక, లెక్కలు చూసేవాడి అనుమానం రెండూ ఆయన రచనలో కలిసి కనిపిస్తాయి.

1928లో ఆయన గ్రంథం ఒకటి వెలువడింది. మద్రాసు రాజధానిలో స్థానిక పన్నుల ప్రారంభం దాని విషయం. ఇంతకంటే నీరసమైన విషయం ఉంటుందా అని సభ్యులు అనుకోవచ్చు. అట్లా అనుకొనేవారు ఈ క్రింది కథ వినండి.

1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో భారత ప్రభుత్వం పీకల దాకా అప్పులలో మునిగింది. 1860లో మొదటిసారి ఆదాయపు పన్ను వేశారు. అదీ చాలలేదు. 1866లో మద్రాసులో రోడ్డు సెస్సు చట్టం వచ్చింది. 1870లో వైస్రాయి మేయో గారు ఒక ఉపాయం పన్నారు. జైళ్ళు, పోలీసు, చదువులు, ఆసుపత్రులు, రోడ్లు వంటి పద్దులను రాజధాని ప్రభుత్వాలకు అప్పగించి, దానికి ఏటా కట్టుబడి మొత్తం ఇస్తామన్నారు. ఇచ్చే మొత్తంలో కొంత కోత పెట్టి, తక్కువ పడింది మీరే పూడ్చుకోండి అన్నారు. రాజధాని ప్రభుత్వం ఎక్కడి నుండి పూడుస్తుంది? తన క్రిందివాడి మీదికి తోస్తుంది. 1871లో మద్రాసు లోకల్ ఫండ్సు చట్టం వచ్చి, పొలం మీద సెస్సు స్థిరపడింది. పై సర్కారు బరువు దించుకొంది, మధ్య సర్కారు ఆ బరువును క్రిందికి జార్చింది, చివరికి అది అల్లూరు రైతు భుజం మీదికి వచ్చి ఆగింది. స్థానిక స్వపరిపాలన అనే గొప్ప మాట పుట్టడానికి ముందే స్థానిక పన్ను పుట్టింది. ఆశయం తరువాత వచ్చింది, అవసరం ముందు వచ్చింది. రిపన్ ప్రభువు తీర్మానం 1882 నాటిది గదా!

మనలో సర్వీసులో ఉన్నవారందరికీ ఇది తెలిసిన కథే. స్కీము ఎక్కడో మంజూరవుతుంది, మ్యాచింగ్ గ్రాంటు వేరెవరో ఇవ్వాలి, జీతం మాత్రం క్రింది ఆఫీసు వెతుక్కోవాలి. అది మొదలైన చోటును రికార్డులు తిరగేసి పట్టుకొన్నవారిలో మన జిల్లావాసి ముందు వరుసలో ఉన్నారు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. వెంకటరంగయ్య గారు అక్కడ చేరి చాలాకాలం బోధించారు. 1935లో విశ్వవిద్యాలయం వారు ఫెడరల్ ప్రభుత్వ పద్ధతిపై ఆయన గ్రంథాన్ని ప్రచురించారు. అదే సంవత్సరం బ్రిటిషు పార్లమెంటు భారత ప్రభుత్వ చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రాలు, సంస్థానాలు కలిపి ఒక ఫెడరేషను అని ఆ చట్టంలో వ్రాశారు. సంస్థానాధీశులు కలిసి రాకపోవడం చేత ఫెడరేషను భాగం కాగితం మీదనే ఉండిపోయింది, రాష్ట్రాల స్వయం పాలన మాత్రం 1937లో అమలయింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండు దేశాలలో ఏ అధికారం ఎవరిది, ఏ పన్ను ఎవరిది అన్నది ఆనాడు మన దేశంలో చదువుకొన్నవారందరూ చర్చించుకొంటున్న విషయం. విశాఖపట్టణంలో కూర్చొని ఒక తెలుగు ఆచార్యుడు ఆ చర్చకు పుస్తకం అందించాడంటే చిన్న సంగతి కాదు.

మూడేళ్ళకు, 1938లో, మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డుల అభివృద్ధి అనే మరొక గ్రంథం వచ్చింది. బొంబాయిలోని స్థానిక స్వపరిపాలనా సంస్థ వారు దానిని అచ్చువేశారు. నాకు ఆయన పుస్తకాలలో ఇదే ఎక్కువ ఇష్టం. ఇది సులువుగా చదివే పుస్తకం అని చెప్పను. ఇంగ్లీషు, అందులోనూ చట్టాల ఇంగ్లీషు. అయినా మన ఆఫీసు పద్ధతులకు తాత ముత్తాతలు ఎవరో తెలుసుకోవాలంటే ఆ కాలంలోకే పోవాలి. 1884 చట్టంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అని మూడు అంతస్తులు ఏర్పడ్డాయి. కలెక్టరే జిల్లా బోర్డుకు పెద్ద. 1920 చట్టం వచ్చాక ఎన్నికైన సభ్యుల పెత్తనం పెరిగింది. స్థానిక స్వపరిపాలన శాఖ ప్రజా మంత్రి చేతికి వచ్చింది. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేశారు. మధ్య అంతస్తు ఎగిరిపోయింది. పాతికేళ్ళ తరువాత 1959లో అదే మధ్య అంతస్తును సమితి పేరుతో మళ్ళీ కట్టారు. 1986-87 ప్రాంతంలో సమితిని తీసివేసి మండలం చేశారు. బోర్డు పేరు మారినప్పుడల్లా మనం రబ్బరు స్టాంపులు మార్చుకొన్నాము. సెస్సు రిజిష్టరు గళ్ళు మాత్రం పెద్దగా మారలేదు.

విశాఖ అధ్యాయం ముగిసిన తరువాత ఆయన బొంబాయి విశ్వవిద్యాలయంలో ఫిరోజ్‌షా మెహతా పేరిట ఉన్న పౌరశాస్త్ర, రాజనీతి ఆచార్య పీఠం అలంకరించారు. బొంబాయి నగరపాలక సంస్థను తీర్చిదిద్దిన ఫిరోజ్‌షా మెహతా గారి పేరిటి పీఠం మీద, లోకల్ బోర్డుల చరిత్రకారుడు కూర్చోవడం ఎంతో సమంజసంగా ఉన్నది. అప్పటికి ఆయన వయస్సు అరవై దరిదాపు. మనం పెన్షను పేపర్లు సిద్ధం చేసుకొనే వయస్సులో ఆయన కొత్త ఊరికి, కొత్త పనికి పోయారు.

అక్కడ ఉండగానే దేశంలో వయోజన ఓటుతో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. 1952లో బొంబాయి నగరంలో జరిగిన ఎన్నికను ఆయన శాస్త్రీయంగా పరిశీలించి మరుసటి సంవత్సరం పుస్తకంగా వెలువరించారు. ఈనాడు ఎన్నికల విశ్లేషణ లేని టీవీ లేదు, పేపరు లేదు. మన దేశంలో ఆ పనిని చదువుగా చేసిన తొలి గ్రంథాలలో అది ఒకటి. ఓటరు ఎందుకు వచ్చాడు, ఎవరికి వేశాడు అన్న ప్రశ్నను ఒక ఆచార్యుడు అడగవలసిన ప్రశ్నగా అప్పటికి చాలామంది గుర్తించనే లేదు.

1951లో పూనాలోని గోఖలే ఇన్‌స్టిట్యూటులో కాళే స్మారకోపన్యాసం ఇచ్చారు. ఫెడరల్ పద్ధతిలో పోటీ ధోరణులు, సహకార ధోరణులు అన్నది ఆయన తీసుకొన్న విషయం. పన్నెండేళ్ళకు ముందు, 1939లో, అదే సంస్థలో డాక్టర్ అంబేద్కర్ గారు ఫెడరేషను గురించి ప్రసంగించారు. వెంకటరంగయ్య గారి ప్రసంగం నాటికి రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడాది దాటింది. నియోగి గారి అధ్యక్షతన మొదటి ఆర్థిక సంఘం నియమితమైనదీ 1951 నవంబరులోనే. కేంద్రం వసూలు చేసిన ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు ఎంత, ఏ కొలమానం ప్రకారం పంచాలి అనే లెక్క అప్పుడు మొదలై ఈనాటికీ ప్రతి అయిదేళ్ళకు నడుస్తూనే ఉన్నది. 2015లో ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చినపుడు సహకార ఫెడరలిజం, పోటీ ఫెడరలిజం అనే రెండు మాటలు పత్రికలలో కొత్త సరుకు లాగా మారుమ్రోగాయి. ఆ రెండింటినీ జతచేసి అరవై నాలుగేళ్ళ ముందే పురిణి వాస్తవ్యుడు పూనాలో ఉపన్యసించాడని వ్రాసిన పత్రిక ఒక్కటీ నా కంటబడలేదు.

ఈ ఫెడరల్ గొడవలు ఆచార్యులకు గాని మనకెందుకు అనే సభ్యులుంటారు. వారికి ఒక్క సంగతి జ్ఞాపకం చేస్తాను. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో సర్వీసు చేసి అంతకు ముందే రిటైరయిన నా వంటివారి పెన్షను భారం ఎవరిది? పునర్వ్యవస్థీకరణ చట్టంలోని ఎనిమిదవ షెడ్యూలు ఆ సంగతి చెబుతుంది. జనాభా నిష్పత్తి ప్రకారం రెండు రాష్ట్రాలూ భరించాలి. మనకు 58.32, తెలంగాణకు 41.68. మనం నెల మొదట్లో బ్యాంకులో పాసుబుక్కు అచ్చు వేయించుకొనేటప్పుడు ఆ అంకె కనబడదు. కనబడకపోయినా మన ప్రతి రూపాయి వెనుక రెండు ప్రభుత్వాల మధ్య పద్దు ఒకటి ఉన్నది. ఒకరు ఎక్కువ చెల్లిస్తే రెండవవారు సర్దుబాటు చేయాలి. సర్దుబాటులో తగాదా వస్తే మధ్యవర్తి కేంద్రం. 1871లో అల్లూరు రైతు సెస్సుకు జరిగినదీ, మన పెన్షనుకు జరిగినదీ మూలంలో ఒకే జాతి ప్రశ్నలు. ఆ ప్రశ్నలను శాస్త్రంగా అడగడం నేర్పినవారిని మరచిపోతే నష్టం మనకే.

బొంబాయి నుండి వచ్చాక ఆయన విశ్రాంతి తీసుకొన్నట్లు కనబడదు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం రావాలని పెద్దలు పూనుకొన్న కృషిలో పాలుపంచుకొన్నారు. రాజనీతి శాస్త్రాన్ని తెలుగువాడికి తెలుగులో చెప్పవచ్చునని నమ్మినవారు ఆయన.

ఈలోగా మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చింది. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో నివేదిక ఇచ్చింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్ ముందు మొదలుపెట్టగా, వెంటనే ఆంధ్రప్రదేశ్ అందుకొంది. ఆ ఏటి చట్టంతో గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు ఏర్పడ్డాయి. ఎనిమిదేళ్ళ తరువాత, 1967లో, వెంకటరంగయ్య గారు జి. రాంరెడ్డి గారితో కలిసి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌పై గ్రంథం ప్రచురించారు. రాంరెడ్డి గారు ఆయనకంటే నలభై ఏళ్ళు చిన్న. తరువాతి కాలంలో మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, ఢిల్లీలోని ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయినవారు. డెబ్బయి ఎనిమిదేళ్ళ పెద్దాయన, నలభై లోపు యువ అధ్యాపకుడు కలిసి సమితుల గురించి పుస్తకం వ్రాశారంటే, వయస్సులో ఎంత ఎడం ఉన్నా పనిలో ఎడం రానివ్వలేదన్నమాట.

నేను 1972లో మన జిల్లాలోనే ఒక సమితి ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. సమితి ప్రెసిడెంటు గారి జీపు, బి.డి.ఓ. గారి గది, విస్తరణాధికారుల బల్లలు, మూలన గ్రాంట్ల రిజిష్టరు. మన రాష్ట్రంలో జిల్లా పరిషత్తుకు ఎన్నికైన ఛైర్మను ఉండేవారు. స్టాండింగు కమిటీలకు మాత్రం కలెక్టరు గారే అధ్యక్షులు. ఎన్నికైనవాడిది పీఠం, అధికారిది కలం అని మేము చాటుగా అనుకొనేవాళ్ళం. గ్రాంట్లు చాలాసార్లు మార్చి నెల మూడవ వారంలో దిగేవి. 31వ తేదీ లోపల ఖర్చయినట్లు సర్టిఫికెట్టు పోవాలి. రాత్రిళ్ళు లాంతరు వెలుతురులో బిల్లులు వ్రాసిన రోజులు నాతోపాటు చేసినవారికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఒక ఏడాది మా పై ఆఫీసు నుండి ఒక గ్రాంటు విడుదల ఉత్తరువు ఏప్రిల్ 4న అందింది. ఉత్తరువు మీది తేదీ మార్చి 29. డబ్బు మురిగిపోయింది, సంజాయిషీ మాత్రం మమ్మల్ని అడిగారు.

సొంత ఆదాయం లేని స్థానిక సంస్థకు స్వాతంత్ర్యం ఎంత అన్నది ఇక్కడే తేలుతుంది. గ్రంథాలయ సెస్సు సంగతే చూడండి. 1960 చట్టం ప్రకారం పంచాయతీ ఇంటిపన్నుతో పాటు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. ఇప్పటి రేటు రూపాయికి 8 పైసలు. పంచాయతీకి వీధి దీపాల బిల్లు కట్టడానికే గతి లేనప్పుడు, వసూలయిన సెస్సు ఎక్కడికి పోతుందో గ్రంథాలయ సంస్థ బకాయిల జాబితా చూస్తే తెలుస్తుంది. ఒకరి సొమ్మును ఇంకొకరు వసూలు చేసే ప్రతి ఏర్పాటులోనూ ఈ బాధ ఉన్నది. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. రాష్ట్ర ఆర్థిక సంఘాలు వేయాలన్నారు. 14వ ఆర్థిక సంఘం 2015 నుండి అయిదేళ్ళకు దేశంలోని స్థానిక సంస్థలకు 2,87,436 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. వెంకటరంగయ్య గారు చూసిన కాలంలో ఇటువంటి అంకె ఎవరూ ఊహించలేరు. తరువాతి సంఘం 2021 నుండి గ్రామీణ సంస్థల గ్రాంటులో నూటికి 60 వంతులు నీరు, పారిశుద్ధ్యం పనులకే కట్టిపడేసింది. పని మంచిదే. కాని నీ ఊరికి ఏది ముందు అన్నది మళ్ళీ ఢిల్లీయే నిర్ణయించినట్లయింది. 1870లో మేయో ప్రభువు బరువును పంపి డబ్బును ఆపుకొన్నారు. ఇప్పుడు డబ్బు పంపి నిర్ణయాన్ని ఆపుకొంటున్నారు. ఇది నా అభిప్రాయం, సంఘానికి అంటగట్టవద్దు.

ఇక ఆయన వార్ధక్యంలో చేసిన మహత్తరమైన పని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వాతంత్ర్య సమర చరిత్రను సేకరింపజేయాలని రాష్ట్ర స్థాయి కమిటీని ఏర్పాటుచేసింది. ఆంధ్ర ప్రాంతపు సంపుటాల సంపాదకత్వం వెంకటరంగయ్య గారికి అప్పగించారు. 1965 మొదలుకొని నాలుగు సంపుటాలు వెలువడ్డాయి. సర్కారు రికార్డులు, నాటి పత్రికల వార్తలు, అధికారుల నివేదికలు, ఒక్కొక్కటీ ఏరి, వరుసపెట్టి, ముందు విపులమైన ఉపోద్ఘాతం వ్రాసి ఇచ్చిన సంపుటాలవి. మొదటి సంపుటం వచ్చేనాటికి ఆయనకు డెబ్బయి ఆరేళ్ళు, అంటే ఈనాడు నా వయస్సుకు కాస్త పైన. బ్రిటిషువారి రహస్య దస్త్రాలలో, మన ఉద్యమాన్ని అణచడానికి వ్రాసుకొన్న కాగితాలలోనే ఉద్యమం గొప్పతనం సాక్ష్యంగా నిలబడి ఉండటం ఆ సంపుటాలు తిరగేసినవారికి తెలుస్తుంది. ఫైలు సరిగా దాచినవాడు తెలిసో తెలియకో చరిత్రకు సేవ చేస్తాడు. రికార్డు రూములో దుమ్ము పీల్చిన మనవారు ఈ మాట విని కాస్త సంతోషించవచ్చు.

1968లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. తొంభై ఏళ్ళు దాటిన పండు వయస్సులో, 1980వ దశకం తొలినాళ్ళలో ఆయన కాలధర్మం చెందారు.

1981లో ఆయన పేరిట మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఏర్పడింది. ఎం.వి. ఫౌండేషన్ అంటే చాలామందికి తెలుసు. ఆయన మనుమరాలు శాంతా సిన్హా గారు, ఆమె కూడా రాజనీతి శాస్త్ర ఆచార్యులే, ఆ సంస్థ ద్వారా రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి, వెట్టిలో, కూలిపనులలో మ్రగ్గుతున్న బాలబాలికలను బడికి చేర్చే ఉద్యమం నడిపారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ విధంగా తాతగారి పేరు ఎన్నడూ ఆయన పుస్తకం తెరవని వేలాది పేద పిల్లల నోట పలికింది.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. వచ్చే జనవరి 8న పురిణి పంచాయతీ కార్యాలయంలో ఆచార్యుల వారి పటం ఒకటి మన సంఘం తరఫున పెట్టిద్దాము. సర్పంచి గారి అనుమతి తీసుకొనే భారం నాది. ఖర్చు ఏ పద్దు క్రింద అని కోశాధికారి గారు తప్పక అడుగుతారు. పంచాయతీ నిధుల జోలికి మాత్రం పోవద్దు, అక్కడ ముందే లేవు. నా వంతు అయిదు వందల రూపాయలు ఈ వ్యాసంతో పాటే పంపుతున్నాను, రసీదు పంపించగలరు.